ఎస్సెమ్మెస్సా, ఆర్‌సీఎస్సా: మీ మెసేజ్ ఏ దారిన పోతోందో చూసుకుని పంపడం ఎలా

ఫోన్‌లో మెసేజెస్ యాప్ ఒకటే, అందులోంచి బయటికి పోయే దారులు రెండు. పాతది ఎస్సెమ్మెస్. దీనికి టవర్ సిగ్నల్ ఉంటే చాలు, నెట్ అక్కర్లేదు. కొత్తది ఆర్‌సీఎస్. ఇది మొబైల్ డేటా మీదో వైఫై మీదో వెళుతుంది. ఫొటోలు, వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు, గ్రూపులు, చదివినట్టు గుర్తులు అన్నీ అందులో నడుస్తాయి. రీఛార్జితో వచ్చే ఎస్సెమ్మెస్ కోటా తరగదు.

చిక్కేమిటంటే, ఏ దారిన పంపాలో చాలాసార్లు మిమ్మల్ని అడగకుండా యాప్ తనే తేల్చేసుకుంటుంది. వాట్సాప్‌లో నెట్ లేకపోతే మెసేజ్ ఆగిపోతుంది, అంతే. ఇక్కడ అలా కాదు. అదే మెసేజ్ సెట్టింగ్‌ని బట్టి ఎస్సెమ్మెస్‌గా మారి వెళ్లిపోవచ్చు. అప్పుడు కోటాలోంచి తగ్గుతుంది, ఫొటో అయితే అసలు చేరకపోవచ్చు, దారిలో ఎవరూ చదవకుండా కాపాడే తాళం కూడా పోతుంది. అందుకని ముందు ఏది వెళుతోందో గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

పంపేముందు ఎక్కడ చూడాలి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ మెసేజెస్ తెరిచి, ఎవరికి పంపాలో వాళ్ల చాట్‌లోకి వెళ్లండి. టైప్ చేసే పెట్టెలో ఇంకా ఏమీ రాయకముందు బూడిద రంగులో ఒక మాట కనిపిస్తుంది. "ఆర్‌సీఎస్ మెసేజ్" అని ఉంటే డేటా దారి. "టెక్స్ట్ మెసేజ్" అని ఉంటే ఎస్సెమ్మెస్. పంపే బాణం పక్కన చిన్న తాళం బొమ్మ కూడా ఉంటే అది ఆర్‌సీఎస్సే కాదు, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ కూడా ఉందన్నమాట, అంటే మీరూ అవతలివాళ్లూ తప్ప దారిలో ఇంకెవరూ చదవలేరు. బుడగల రంగు చూసి తేల్చుకోకండి. థీమ్ మార్చితే రంగులూ మారతాయి.

పంపాక టిక్కులు చూడండి. ఆర్‌సీఎస్‌లో ఒక టిక్కు పడితే మీ ఫోన్ నుంచి వెళ్లింది, రెండు పడితే అవతలి ఫోన్‌కి చేరింది, రెండూ నిండు రంగులోకి మారితే చదివారు. అవతలివాళ్లు రీడ్ రిసీట్స్ ఆపేసుకుంటే మూడో దశ ఎప్పటికీ రాదు, కాబట్టి చదివి కూడా జవాబివ్వలేదని తొందరపడి అనుకోవద్దు. ఎస్సెమ్మెస్‌కి చదివినట్టు తెలిపే ఏర్పాటే లేదు. చేరిందో లేదో మాత్రం కొంతవరకు తెలుసుకోవచ్చు. గూగుల్ మెసేజెస్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఎస్సెమ్మెస్ డెలివరీ రిపోర్ట్స్ ఆన్ చేసుకోండి. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది.

ఆర్‌సీఎస్ ఆన్ చేయడం

1. గూగుల్ మెసేజెస్ మీ ఫోన్‌లో డీఫాల్ట్ ఎస్సెమ్మెస్ యాప్‌గా ఉండాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డీఫాల్ట్ యాప్స్, అందులో ఎస్సెమ్మెస్ యాప్ చూడండి. వేరే యాప్ ఉంటే మార్చండి. కంపెనీవాళ్ల సొంత మెసేజ్ యాప్ వాడుతున్నవాళ్లకి ఆర్‌సీఎస్ రాకపోవడానికి ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

2. వైఫై ఆపి మొబైల్ డేటా ఆన్ చేయండి. సెట్టయ్యాక వైఫై వాడుకోవచ్చు. ఏ సిమ్‌కి ఆర్‌సీఎస్ కావాలో ఆ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉండాలి, దాన్నుంచి ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లగలగాలి.

3. మెసేజెస్‌లో పైన కుడివైపు మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, మెసేజెస్ సెట్టింగ్స్, అందులో ఆర్‌సీఎస్ చాట్స్ తెరిచి ఆన్ చేయండి. రెండు సిమ్‌లుంటే ఒక్కోదానికి విడిగా ఆన్ చేయాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోతే, ఆ రెండో నంబర్‌కి మాత్రం అన్నీ ఎస్సెమ్మెస్‌లుగానే వస్తుంటాయి.

4. స్టేటస్ దగ్గర "కనెక్టెడ్" అని వచ్చేదాకా ఆగండి. మామూలుగా నిమిషాల్లో అయిపోతుంది, ఒక్కోసారి గంటలు కూడా పడుతుంది.

నాలుగో దగ్గర ఇరుక్కునేవాళ్లే ఎక్కువ. "నంబర్ వెరిఫై చేస్తున్నాం" అన్న దగ్గరే చక్రం తిరుగుతుంటుంది. ఈ నంబర్ మీదేనని తేల్చుకోవడానికి ఫోన్ మీకు కనబడకుండా ఒక ఎస్సెమ్మెస్ పంపాల్సి రావచ్చు. అది వెళ్లకపోతే ఆర్‌సీఎస్ కదలదు. కాబట్టి ముందు ఇంట్లో ఎవరికైనా మామూలు ఎస్సెమ్మెస్ ఒకటి పంపి చూడండి. వెళ్లకపోతే తప్పు ఆర్‌సీఎస్‌ది కాదు. ప్లాన్‌లో ఎస్సెమ్మెస్ లేకపోవడమో, ఆ రోజు కోటా అయిపోవడమో, ప్లాన్ గడువు తీరిపోవడమో అయివుంటుంది.

సిమ్ పోయి అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకున్నారా? మన దేశంలో అలా మార్చిన సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్ రాదు, పోదు. మీ నంబర్‌తో దొంగ సిమ్ తీసినవాడు వెంటనే ఓటీపీలు లాగకుండా టెలికాం శాఖ పెట్టిన నియమం ఇది. ఆ 24 గంటల్లో ఆర్‌సీఎస్ కోసం ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా ఫలితం ఉండదు. మర్నాడు ప్రయత్నించండి.

ఎస్సెమ్మెస్ బాగానే వెళుతోంది, ఆర్‌సీఎస్ మాత్రం కనెక్ట్ కావట్లేదు అంటే ఈ వరసలో చూడండి. వీపీఎన్ ఉంటే ఆపండి. హాస్టల్, ఆఫీసు వైఫైల్లో ఇది అడ్డుపడొచ్చు, కాబట్టి మొబైల్ డేటా మీదే చేయండి. ప్లేస్టోర్‌లో మెసేజెస్‌నీ, కేరియర్ సర్వీసెస్ అనే యాప్‌నీ అప్‌డేట్ చేయండి. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో కేరియర్ సర్వీసెస్ స్టోరేజ్ క్లియర్ చేసి, ఫోన్ ఆపి ఆన్ చేసి, మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలుపెట్టండి. కేరియర్ సర్వీసెస్ డేటా తీసేస్తే మీ మెసేజ్‌లు పోవు. మెసేజెస్ యాప్ డేటా జోలికి మాత్రం పోవద్దు. ఫోన్‌ని రూట్ చేసినా (కంపెనీ వేసిన తాళాలు తెరిచి సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకున్నా), కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ ఎక్కించినా గూగుల్ ఆర్‌సీఎస్‌ని అడ్డుకుంటుంది. అలాంటి ఫోన్‌లో కొన్నిసార్లు "కనెక్టెడ్" అని చూపిస్తూనే మెసేజ్‌లు పోకుండా ఉండిపోతాయి.

తెలుగులో రాసేవాళ్లు తప్పక చూసుకోవాల్సిన లెక్క

ఆర్‌సీఎస్‌లో పొడుగు గురించి ఆలోచించే పని లేదు. ఎస్సెమ్మెస్‌లో ఉంది, తెలుగుకి మరీ ఉంది.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి అందులో 160 అక్షరాలు పడతాయి. తెలుగుకి ఒక్కో గుర్తుకి 16 బిట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే పడతాయి. ఆ 70 కూడా మనం పలికే అక్షరాలు కావు. గుణింతం, పొల్లు, సున్నా ఒక్కోటీ ఒక్కో గుర్తు. "శ్రీకాకుళం" కంటికి నాలుగు అక్షరాలు, ఎస్సెమ్మెస్ లెక్కలో 10. "స్త్రీ" ఒక్కటే 6. "ఫోన్‌లో" లాంటి మాటల్లో పొల్లు కింద ఒత్తు పడకుండా కీబోర్డు పెట్టే కనబడని గుర్తు ఉంటుంది, దానికీ ఒకటి లెక్క. ఎమోజీకి సాధారణంగా రెండు, కొన్నింటికి ఇంకా ఎక్కువ.

ఈ మెసేజ్ చూడండి: "రేపు ఉదయం 6 గంటలకి శ్రీకాకుళం బస్టాండులో దిగుతాను, బండి తీసుకుని రా." ఖాళీలు, కామా, చుక్కతో కలిపి 68. ఒక్క ఎస్సెమ్మెస్‌లో సరిపోతుంది. చుక్కకి ముందు "అన్నయ్యా" అని చేర్చారనుకోండి, 77 అవుతుంది, రెండు ఎస్సెమ్మెస్‌లు కట్.

ఇంకో మెలిక ఉంది. మెసేజ్ ఒకటి దాటిందంటే ముక్కల్ని అవతల మళ్లీ వరసలో అతికించడానికి ప్రతి ముక్కలోనూ 6 బైట్లు పక్కన పెట్టాలి. అప్పుడు తెలుగుకి ముక్కకి 67, ఇంగ్లిష్‌కి 153 మాత్రమే మిగులుతాయి. 300 గుర్తుల తెలుగు మెసేజ్ 5 ఎస్సెమ్మెస్‌లు, 400 గుర్తులది 6. పెళ్లి పిలుపు తెలుగులో రాసి నలభైమందికి ఎస్సెమ్మెస్‌గా పంపితే, రోజుకి వంద అన్న కోటా ఇరవైమంది దాటకుండానే అయిపోతుంది. ఆ తర్వాత ప్లాన్‌ని బట్టి ఒక్కో ముక్కకీ డబ్బులు పడతాయి, లేదా మెసేజ్ పోదు. డేటా వద్దనుకునేవాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లతో విడి ప్యాకులు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. అలాంటి వాటిలో ఎస్సెమ్మెస్‌లు రోజువారీ లెక్కన కాక గడువు మొత్తానికి కలిపి ఇచ్చే ప్యాకులున్నాయి. పెద్దవాళ్లకి అది వేయిస్తే ఈ సంగతి చెప్పండి.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకీ ఒక ఉచ్చు ఉంది. 160 అక్షరాల హద్దు ఎస్సెమ్మెస్‌కి మొదట్లో పెట్టిన 7 బిట్ల గుర్తుల పట్టికలో ఉన్నవాటికే. ఆ పట్టికలో లేని గుర్తు ఒక్కటి దూరినా మెసేజ్ మొత్తం 16 బిట్ల లెక్కలోకి పడిపోయి హద్దు 70కి దిగుతుంది. ఎమోజీ సంగతి సరే, మన రూపాయి గుర్తు ₹ కూడా ఆ పట్టికలో లేదు. ఎక్కడినుంచో కాపీ చేసిన వంకర కొటేషన్ గుర్తులూ అంతే. చిట్టీ డబ్బుల గురించి ఇంగ్లిష్‌లో 150 అక్షరాల మెసేజ్ రాసి అందులో ఒక్క ₹ పెడితే ఒకటి కాస్తా మూడవుతుంది. గూగుల్ మెసేజెస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో సింపుల్ క్యారెక్టర్స్ అనే మీట ఉంటుంది. ఇంగ్లిష్ మాత్రమే రాసేవాళ్లకి అది పనికొస్తుంది, తెలుగు రాసేవాళ్లు ఆఫ్‌లోనే ఉంచండి. కొన్ని ఫోన్లలో ఇన్‌పుట్ మోడ్ అనే సెట్టింగ్ ఉంటుంది. అందులో "జీఎస్ఎమ్ ఆల్ఫాబెట్" ఎంచి ఉంటే మీ తెలుగంతా అవతల ప్రశ్నార్థకాలుగా చేరుతుంది. "ఆటోమేటిక్"లో పెట్టండి.

నిజానికి తెలుగుతో సహా భారతీయ భాషలకి 7 బిట్ల పట్టికలు ఎస్సెమ్మెస్ ప్రమాణంలో ఎప్పుడో చేర్చారు. వాటిని వాడే ఫోన్లే కరువు.

కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లకి పంపేటప్పుడు ఇంకో సంగతి. చాలా కీప్యాడ్ ఫోన్లలో తెలుగు ఫాంట్ ఉండదు, అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి. వాళ్లకి తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడమే మేలు. 160 హద్దు కూడా కలిసొస్తుంది.

దానంతటదే ఎస్సెమ్మెస్‌గా మారిపోవడం

ఆర్‌సీఎస్ సెట్టింగ్స్‌లోనే "మెసేజ్ చేరకపోతే టెక్స్ట్‌గా మళ్లీ పంపు" అనే అర్థమొచ్చే మీట ఒకటి ఉంటుంది. ఇది మీ అలవాటుని బట్టి ఉండాలి.

పల్లెటూళ్లో ఉన్న అమ్మానాన్నలకి పంపుతుంటే, వాళ్లు డేటా ఆపేసే అలవాటున్నవాళ్లయితే ఆన్‌లో ఉంచండి. ఆర్‌సీఎస్ చేరకపోయినా మాట చేరుతుంది. పొడుగు తెలుగు మెసేజ్‌లు, ఫొటోలు ఎక్కువ పంపేవాళ్లు ఆఫ్ చేసుకోవడం మంచిది. పొడుగు మెసేజ్ ఆరేడు ముక్కలై కోటా తింటుంది. ఫొటో అయితే ఎమ్మెమ్మెస్‌గా, అంటే ఫొటోలు పంపే పాత పద్ధతిలోకి మారుతుంది. మన దగ్గర ఎమ్మెమ్మెస్ పేరుకి మిగిలింది గానీ చేరుతుందని నమ్ముకోలేం. చేరినా ఫొటో కుదించుకుపోయి మసగ్గా ఉంటుంది. అదే ఆర్‌సీఎస్‌లో వీడియో కూడా వంద ఎంబీల దాకా పోతుంది.

రహస్యంగా ఉండాల్సిన విషయం రాస్తున్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. తాళం ఉన్న ఆర్‌సీఎస్‌ని దారిలో ఎవరూ చదవలేరు. అదే మాట ఎస్సెమ్మెస్‌గా మారి వెళితే ఆ రక్షణ ఉండదు. ఎస్సెమ్మెస్ ఆపరేటర్ సర్వర్ దాకా వెళ్లి, అక్కడ నిలిచి, అవతలి ఫోన్ దొరికినప్పుడు వెళుతుంది. పాస్‌వర్డులు, ఆధార్ ఫొటోలు పంపేవాళ్లు ఈ మీట ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఎస్సెమ్మెస్సే కావాల్సిన పనులు

యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో పెట్టుకునేటప్పుడు అది మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. బ్యాంకులో ఉన్న నంబర్ ఈ ఫోన్‌లోనే ఉందని తేల్చుకునేది దానితోనే. దానికి ఆర్‌సీఎస్ పనికిరాదు. యాప్ నేరుగా ఎస్సెమ్మెస్సే పంపుతుంది. మీరు ఆర్‌సీఎస్ ఆన్‌లో ఉంచినా ఆఫ్ చేసినా తేడా లేదు. "వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని వస్తుంటే రెండు చూడండి: ఎంచుకున్న సిమ్ బ్యాంకులో ఉన్న నంబరేనా, ఆ సిమ్‌లో బయటికి వెళ్లే ఎస్సెమ్మెస్ ఉందా. నెట్ దండిగా ఉన్న ప్లాన్‌లో కూడా ఎస్సెమ్మెస్ లేకపోతే ఇది ఆగిపోతుంది. డేటా మాత్రమే ఇచ్చే చిన్న ప్యాకులు వేసి, అసలు ప్లాన్ గడువు చూసుకోనివాళ్లకి ఇది తరచూ తగులుతుంది.

డేటా అందని చోటా అంతే. ఘాట్ రోడ్డులోనో, కరెంటు పోయి టవర్ బలహీనపడినప్పుడో నెట్ తిరుగుతూనే ఉంటుంది గానీ ఒక గీత సిగ్నల్ మీద ఎస్సెమ్మెస్ దూరిపోతుంది. అలాంటప్పుడు ఆర్‌సీఎస్ వదిలి ఎస్సెమ్మెస్‌గానే పంపాలంటే ఆ చాట్‌లో కుడివైపు మూడు చుక్కలు నొక్కి, డీటెయిల్స్‌లోకి వెళ్లి, ఎస్సెమ్మెస్, ఎమ్మెమ్మెస్ మాత్రమే పంపు అన్న మీట ఆన్ చేయండి. ఇది ఆ ఒక్క మనిషికే వర్తిస్తుంది. పని అయ్యాక ఆఫ్ చేయడం మరవద్దు.

ఫోన్ మార్చేముందు

సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్‌లోనో, వేరే ఫోన్‌లోనో వేసే ముందు పాత ఫోన్‌లో ఆర్‌సీఎస్ ఆఫ్ చేయండి. చేయకపోతే మీ నంబర్‌కి ఆర్‌సీఎస్ ఉందనే అవతలివాళ్ల ఫోన్లు అనుకుంటూ ఉంటాయి. వాళ్లు పంపింది మీ కీప్యాడ్ ఫోన్‌కి రాదు, వాళ్లకేమో ఒక టిక్కు దగ్గర ఆగిపోయి కనిపిస్తుంది. పాత ఫోన్ పోయినా, పాడైనా గూగుల్ మెసేజెస్ వాళ్ల అధికారిక సహాయం పేజీ నుంచే ఆర్‌సీఎస్ ఆపుకోవచ్చు. అక్కడ నంబర్ ఇస్తే ఆ సిమ్‌కి ఎస్సెమ్మెస్‌లో ఆరంకెల కోడ్ వస్తుంది, అది కొడితే చాలు. ఆ కోడ్ ఫోన్‌లో ఎవరైనా అడిగితే చెప్పకండి.

ఐఫోన్, గ్రూపులు

ఐఫోన్‌కి ఆర్‌సీఎస్ 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో వచ్చింది. సెట్టింగ్స్, యాప్స్, మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ మెసేజింగ్ అనే మీట చూడండి. ఐఓఎస్ 18 ఉన్నా అది కనబడకపోతే బహుశా మీ ఆపరేటర్ ఐఫోన్‌కి ఇంకా ఇవ్వలేదని అర్థం, ఫోన్‌లో లోపం కాదు. ఐఫోన్ల మధ్య వెళ్లే నీలం ఐమెసేజ్ వేరు, ఇది వేరు. ఆర్‌సీఎస్ అయినా బుడగ ఆకుపచ్చగానే ఉంటుంది, పెట్టెలో మాత్రం ఆర్‌సీఎస్ అని రాసి ఉంటుంది. ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ మధ్య ఎన్‌క్రిప్షన్‌కి కావాల్సిన ప్రమాణం 2025 మార్చిలో వచ్చింది. మీ చాట్‌లో తాళం కనబడితేనే ఉందనుకోండి.

గ్రూపులో అందరికీ ఆర్‌సీఎస్ ఉంటేనే అది గ్రూపులా నడుస్తుంది. కీప్యాడ్ ఫోన్ ఉన్న బాబాయి ఒక్కరు చేరినా గ్రూప్ ఎమ్మెమ్మెస్‌లోకో, విడివిడి ఎస్సెమ్మెస్‌లలోకో దిగిపోతుంది. ఆయనకి విడిగా పంపుకోవడమే సులువు.

ఆర్‌సీఎస్ లాంటి "మెరుగైన ఎస్సెమ్మెస్" అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. 2000 ప్రాంతాల్లో ఈఎమ్మెస్ అని ఒకటి వచ్చింది. 32 చుక్కల చదరపు బొమ్మలు, చిన్న ట్యూన్లు, బొద్దు అక్షరాలు ఎస్సెమ్మెస్ ముక్కల్లోనే కూరి పంపేవారు. ఎరిక్సన్, సీమెన్స్, మోటరోలా ఒకవైపు, తన సొంత పద్ధతితో నోకియా ఇంకోవైపు. ఒక ఫోన్‌లోంచి పంపింది ఇంకో కంపెనీ ఫోన్‌లో అందక అది నిలదొక్కుకోలేదు. ఆర్‌సీఎస్‌కీ చాలాకాలం ఇదే తెగులు పట్టింది, 2016లో అన్ని కంపెనీలూ పాటించే ఒకే ప్రమాణం (యూనివర్సల్ ప్రొఫైల్) కుదిరాకే కదలిక మొదలైంది.

కంపెనీల పేరుతో వచ్చేవి

బ్యాంకులు, షాపుల నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌కి పంపినవాళ్ల పేరు చోట రిజిస్టర్ చేసిన హెడర్ ఉంటుంది. 2025 నుంచి దాని చివర ఒక అక్షరం కూడా చేరింది: పీ అంటే ప్రకటన, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజ్ పది అంకెల మామూలు నంబర్ నుంచి వస్తే అక్కడే అనుమానించండి.

ఆర్‌సీఎస్‌లో ఈ హెడర్ ఉండదు. కంపెనీ పేరు, లోగో, పక్కన వెరిఫైడ్ గుర్తు వస్తాయి, కింద బటన్లూ పెద్ద బొమ్మలూ ఉంటాయి. లోగో ఎవరైనా ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకోవచ్చు, కాబట్టి లోగోని కాదు, పేరు నొక్కితే తెరుచుకునే వివరాల్లో వెరిఫైడ్ అని ఉందా అన్నది చూడండి. వెరిఫైడ్ అయినా ప్రకటనల పోరు తప్పదు. మన దేశంలో ఆ పోరు ఎంత పెరిగిందంటే 2022లో గూగుల్ ఇక్కడ ఆర్‌సీఎస్ ప్రకటనల్ని కొంతకాలం ఆపేయాల్సొచ్చింది.

అలాంటి మెసేజ్ వస్తే లోపలి బటన్లు, లింకులు నొక్కకండి. చాట్‌ల జాబితాలో దాన్ని నొక్కిపట్టి, బ్లాక్ ఎంచి, స్పామ్‌గా రిపోర్ట్ చేయి అన్న దగ్గర టిక్కు ఉంచండి. ఎస్సెమ్మెస్ ప్రకటనలైతే 1909కి కూడా ఫిర్యాదు చేయొచ్చు, మెసేజ్ వచ్చిన ఏడు రోజుల్లోగా చేయాలి. తొందరపడి లింక్ నొక్కి డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.